చెవి మర

మానుకోట నుంచి బయ్యారం పోయే బాటలో మా ఊరు. నేల ఎరుపు, రాయి నలుపు. చెప్పుల్లేకుండా తిరిగేవాడి అరికాలికి ఎప్పుడూ ఇనుప వాసన అంటుకునే ఉంటుంది. రజాకార్లు పోయారని ఊరంతా సంబరపడ్డ ఏడాదే మా బడిలో పటాలం వచ్చి క్యాంపు పెట్టింది. పెనం మీది నుంచి పొయ్యిలో పడటమంటే ఏమిటో మాకు అప్పుడు తెలిసింది.

నా పేరు పోశాలు. సంగం వాళ్లు వచ్చి ఊళ్లో వెట్టి రద్దు చేశారు. క్యాంపు వాళ్లు వచ్చి దాన్నే మళ్లీ మొదలుపెట్టి, దానికి ‘మదద్’, అంటే సాయం, అని పేరు పెట్టారు. పేరు మారితే బరువు తగ్గుతుందా? నా వంతు మదద్ ఏమిటంటే, ఒక పెట్టె మోయడం.

భూమిలో పాతిపెట్టిన తుపాకులను కనిపెట్టే యంత్రం అది. పొడుగాటి కర్ర చివర ఒక పళ్లెం. ఆ కర్రను బాల్‌సింగ్ అనే సిపాయి పట్టుకునేవాడు, చెవులకు రెండు డిప్పలు తగిలించుకునేవాడు. బ్యాటరీ పెట్టె నా కడుపు మీద వేలాడేది. ఇద్దరి మధ్య తీగ. కాడికి కట్టిన ఎడ్ల లాగా అతను ఎటు పోతే నేనూ అటే. పెట్టె మీద గుండ్రటి మర ఒకటి ఉండేది. యంత్రం ఎంత గట్టిగా వినాలో చెప్పేది ఆ మరే. బాల్‌సింగ్ దాన్ని గెయిన్ అనేవాడు, నేను చెవి మర అనేవాణ్ణి. అతని రెండు చేతులూ కర్ర మీదే ఉంటాయి కనుక మర తిప్పే పని నాది. అతను గడ్డం పైకెత్తితే పెంచాలి, దించితే తగ్గించాలి.

వేరే నేలల మీద అది సులువైన పనేనట. మా నేల మీద కాదు. మర కాస్త ఎక్కువ తిప్పితే ప్రతి గులకరాయీ నేనే తుపాకీనని అరిచేది. తక్కువ తిప్పితే నిజం తుపాకీ మీదుగా పోయినా యంత్రం నోరు మెదిపేది కాదు. అందుకే ఎక్కడ మొదలుపెట్టినా ముందు పళ్లాన్ని నేల మీదకు దించి, దోమ పాటంత రొద వచ్చేదాకా మర పెంచి, ఆ రొద మాయమయ్యేదాకా వెనక్కి తేవాలి. అక్కడ ఆపితే రాళ్లు నోరు మూసుకుంటాయి, అసలైన ఇనుము మాత్రమే మాట్లాడుతుంది. డిప్పలు నా చెవులకు లేకపోయినా ఆ కూత నాకూ వినపడేది.

ఆ ఎండాకాలంలోనే మా అన్న బుచ్చయ్యను పట్టుకున్నారు. సంగం దళానికి ఒక పూట అన్నం పెట్టాడు, అంతే. తుపాకీని చేత్తో ముట్టినవాడు కాదు. క్యాంపును నడిపే జమాదారు నమ్మలేదు.

“దీపాలు పెట్టేలోపు తుపాకీ చూపించు. లేకపోతే నిన్ను ఇక్కడే పూడ్చిపోతా,” అన్నాడు. మాలో ఉర్దూ వచ్చినవాళ్లకు ఆ మాట అర్థమైంది.

అన్న చేతులు వెనక్కి విరిచికట్టి మా ముందు నడిపించారు. కళ్లం వెతికాం. గొడ్ల కొట్టం, పెంటకుప్ప, వాగు ఒడ్డు వెతికాం. విరిగిన నాగటి కర్రు ఒకటి దొరికింది. దాన్ని చూసి జమాదారు అన్నను ఒక తన్ను తన్నాడు. ఏదో ఒక తుప్పుపట్టిన గొట్టమైనా దొరకాలని, దాంతో అన్న బతకాలని నేను కనబడ్డ దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. పొద్దు వాలింది. అప్పుడు జమాదారు కళ్లు ఊళ్లో పోయినవాళ్లను పూడ్చే బొందలగడ్డ మీద పడ్డాయి.

“దొరా, అటు వద్దు,” అన్నాడు అన్న. గొంతు మారిపోయింది. “నీ బాంచెన్, కాల్మొక్త. గక్కడ తవ్వకున్రి.”

అక్కడ మా వదిన లచ్చమ్మ ఉంది. ఆమెకు నొప్పులు మొదలైన రోజునే క్యాంపు వాళ్లు ఇల్లిల్లూ సోదా చేశారు. మంత్రసాని వీరమ్మను గడప దాటనివ్వలేదు. బిడ్డ బయటికి రాకుండానే వదిన పోయింది. అట్లా పోయినవాళ్లకు మా వైపు ఒక పద్ధతి ఉంది. కడుపులోని బిడ్డను తీసి వేరే బొందలో పెట్టాలి. తల్లి లేవకుండా కాళ్ల పక్కన, చేతుల పక్కన ఇనుప మేకులు నేలలోకి దిగగొట్టాలి. కట్టుకున్నవాడే కొట్టాలి. అన్నే కొట్టాడు, ఏడ్చుకుంటూ కొట్టాడు. బిడ్డను తీసే చెయ్యి మాత్రం దొరకలేదు. తల్లినీ బిడ్డనూ కలిపే పూడ్చేశాం.

ఇవన్నీ జమాదారుకు ఎవరు చెప్పాలి? నేను నోరు తెరిచాను కూడా. నా పళ్ల మీద తుపాకీ మడమ పడింది. వాళ్ల లెక్క ఒక్కటే, వద్దని ఏడ్చిన చోటే సరుకు ఉంటుంది. కళ్లం దగ్గర ఏడవనివాడు, కొట్టం దగ్గర ఏడవనివాడు ఇక్కడ ఏడ్చాడు. మా అన్న తన బొందను తన కన్నీళ్లతోనే చూపించుకున్నాడు.

నాకు తోచింది ఒక్కటే. పెట్టె మీద చెయ్యి పెట్టి, మరను వెనక్కి తిప్పాను. ఇక తిరగదు అన్నదాకా తిప్పాను. యంత్రాన్ని పూర్తిగా చెవిటిదాన్ని చేశాను.

ఒక దిబ్బ మీదుగా పళ్లెం పోయింది. చప్పుడు లేదు. ఇంకో దిబ్బ. చప్పుడు లేదు. బాల్‌సింగ్ గడ్డం పైకెత్తాడు. నేను మర తిప్పినట్టు నటించాను. వదిన దిబ్బ దగ్గరికి వచ్చాం.

యంత్రం అరిచింది.

బాల్‌సింగ్ డిప్పలు పీకేసి మెడలో వేసుకున్నాడు. మర నా వేళ్ల కింద చివర్లోనే ఉంది. ఇంకా వెనక్కి నొక్కాను. కూత పెరిగింది. నొక్కిన కొద్దీ పెరిగింది...

“మిల్‌గయా,” అన్నాడు జమాదారు సంతోషంగా.

సిపాయిలు తవ్వారు. రోహిణి ఎండల్లో ఆ మట్టి తడిగా ఉంది. కుళ్లిన వాసన వస్తుందని నేను ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాను. కుళ్లిన వాసన రాలేదు. పురిటింటి వాసన వచ్చింది. వాము పొగ, వెల్లుల్లి, వేడినీళ్లు. పారకు ఇనుము తగిలింది. మేకులు. అన్న పైనుంచి కిందికి కొట్టిన మేకులు, మొనలు పైకి పెట్టి నిలబడి ఉన్నాయి. వాటి కింద వదిన లేదు. మెత్తటి మట్టి మాత్రం ఇంకా లోపలికి దిగిపోతూ ఉంది.

బాల్‌సింగ్ మేకులు పీకి తన సంచిలో వేసుకున్నాడు. గుంట వైపు చూడకుండా రెండడుగులు వెనక్కి జరిగాడు. జమాదారుకు మాత్రం భయం లేదు, కోపం వచ్చింది. పదిమంది ముందు వెర్రివాణ్ణి చేశారని ఆయన బాధ.

“దిగు,” అన్నాడు అన్నతో. “నువ్వే వెతుకు.”

గుంటలోకి నెట్టారు. నిలబెట్టి, ఛాతీ దాకా మట్టి నింపారు. నేను జమాదారు కాళ్ల మీద పడ్డాను. ఆయన బూటుతో నన్ను పక్కకు జరిపి, సిగరెట్ వెలిగించుకుని, బండ మీద కూర్చున్నాడు. తుపాకీ ఎక్కడో గుర్తొస్తే చెప్పమన్నాడు. పొద్దు గూకింది. ఊళ్లో దీపాలు పెడుతున్నారు.

నేను అన్న ముఖం దగ్గరికి పాక్కుంటూ పోయాను.

“తమ్మీ...”

“ఏందన్నా?”

“కింద తడుముతున్నది.”

“ఎవలు?”

“పాదాలు తడుముతున్నది... మెల్లగ...”

అన్న ముఖంలో భయం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎవరో పిలిస్తే చెవి ఒగ్గి వింటున్నవాడిలా ఉన్నాడు. తర్వాత మట్టి లోపలి నుంచి చప్పుడు వచ్చింది.

ఠక్.

అన్న నోరు తెరుచుకుంది. అరుపు రాలేదు.

ఠక్... ఠక్...

బాల్‌సింగ్ తన సంచిని తడుముకున్నాడు. లోపల చెయ్యి పెట్టాడు. ఖాళీ. కర్ర, డిప్పలు అక్కడే విసిరేసి పరుగెత్తాడు. మిగతా సిపాయిలు అతని వెనక పరుగెత్తారు. జమాదారు లేచి, గుంట వైపు ఒకసారి చూసి, చేతిలోని సిగరెట్ సంగతే మరిచి వెనక్కి వెనక్కి నడిచి చీకట్లోకి పోయాడు. వాణ్ణి పైకి తీయండి అని మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. పూడ్చమని చెప్పడానికి అంత పెద్ద గొంతు ఉన్నవాడికి తీయమనడానికి గొంతు లేకపోయింది.

నేను పార తీసుకుని ముందు తీగ తెగ్గొట్టాను. పెట్టె విప్పి వాగులోకి విసిరేశాను. తవ్వాను. పారతో తవ్వితే అన్నకు తగులుతుందని చేతులతో తవ్వాను. చంకల కింద పట్టుకుని లాగాను.

“లాగకు తమ్మీ,” అన్నాడు. “గామె ఏడుస్తది.”

అంతే, ఊపిరి ఆగిపోయింది. తల నా భుజం మీద వాలింది. ఇంకా వెచ్చగానే ఉన్నాడు. నేను మోకాళ్ల దాకా తవ్వాను, పాదాల దాకా తవ్వాను. రెండు పాదాల్లోంచీ మేకుల మొనలు పైకి వచ్చి ఉన్నాయి. ఎంత లాగినా నేల వదల్లేదు. ఏడ్చాను. తిట్టాను. వదినను కూడా తిట్టాను. చివరికి అన్నను అక్కడే పండబెట్టి, ఉన్న మట్టినే కప్పాను. ఇంకేం చేయాలి?

లేవబోతుంటే వినపడింది.

బాల్‌సింగ్ పారేసిన డిప్పలు దిబ్బ పక్కన పడి ఉన్నాయి. తీగ తెగి ఉంది. పెట్టె వాగులో ఉంది. అయినా ఆ డిప్పల్లో రొద వస్తోంది, దోమ పాటంత. కాసేపటికి అది కూతగా మారింది. ఒక కూత. కొంచెం ఎడంగా, దాని జతకు ఇంకో కూత. ఒకటి ఆగితే ఒకటి... ఆలుమగలు మాట్లాడుకుంటున్నట్టు. నాకు ఆ రెండూ అర్థమయ్యాయి. ఆమెకూ ఇనుము ఉంది, ఇప్పుడు మా అన్నకూ ఇనుము ఉంది.

అప్పుడు మూడోది మొదలైంది. చిన్నది. సన్నది.

దానికి మేము మేకు కొట్టలేదు. దాని ఒంటి మీద ఇనుమే లేదు. అది మోగకూడదు.

పళ్లెం కదలడం లేదు. నేను కదలడం లేదు. ఆ చిన్న చప్పుడు మాత్రం పెరుగుతోంది... ఆగి, మళ్లీ పెరుగుతోంది... పాకేవాళ్లు ఆగి ఆగి వచ్చినట్టు. మిగతా రెండు కూతలూ ఆగిపోయాయి. నా కాళ్ల కింద మట్టి ఒకచోట కొంచెం పైకి లేచింది.