వెనక తలుపు

ఉదయం 6:40కి కెప్టెన్ శవం కనిపించింది.

కాటేజీ వరండా నుంచి బీచ్‌లోకి దిగడానికి పద్దెనిమిది రాతి మెట్లు. ఆఖరి మెట్టు దగ్గర వెల్లకిలా పడి ఉన్నాడు. తల వెనక గాయం. ఓడ దిగి పదకొండేళ్ళయినా అందరికీ ఆయన కెప్టెనే.

7:30కి జీపు వెనక గేటు దగ్గర ఆగింది. ఇన్‌స్పెక్టర్ వెనక తలుపు తట్టింది. లోపలి నుంచి కెప్టెన్ చెల్లెలు లాగింది. బయటి నుంచి కానిస్టేబుల్ భుజం పెట్టి నెట్టాడు. మూడో తోపుకి తలుపు ఢామ్మని తెరుచుకుంది. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి.

"పొద్దున్నే కుస్తీ," అంటూ కానిస్టేబుల్ భుజం రుద్దుకున్నాడు.

శరత్కాలం. సీజను అయిపోయి చుట్టుపక్కల కాటేజీలన్నీ ఖాళీ. ఈ ఒక్కదానిలోనే మనుషులున్నారు. కెప్టెన్, ఆర్కిటెక్టు అయిన తమ్ముడు, లెక్చరర్ అయిన చెల్లెలు. నాలుగు రోజులు కలిసి గడుపుదామని నిన్న సాయంత్రమే చేరారు.

నాలుగో మనిషి తాళాలమ్మ. కాటేజీ చూసుకునే మనిషి. ఇరవై రెండేళ్ళుగా నడుముకి తాళాలగుత్తితో తిరుగుతుంటే జనం ఆమె అసలు పేరు మర్చిపోయారు. గేటు పక్క గదిలో ఉంటుంది. శవాన్ని ముందు చూసింది ఆమే. బట్టల నిండా రక్తం.

తమ్ముడు అప్పటిదాకా కింద శవం దగ్గరే ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని పైకి పిలిపించింది.

"ఎన్నింటికి లేచారు?"

"ఐదున్నరకి. వాకింగ్‌కి వెళ్ళాను."

"ఎటునుంచి?"

"వెనకనుంచి. అన్నయ్య ముందు హాల్లో పడుకున్నాడు. నిద్ర పాడుచెయ్యడం ఎందుకని వెనక తలుపు చప్పుడు కాకుండా తీసుకుని వెళ్ళాను."

"తిరిగొచ్చింది?"

"ఆరూ ఇరవైకి బీచ్ మీంచి వస్తున్నాను. మెట్ల పైన తాళాలమ్మ అన్నయ్యతో గొడవ పడుతోంది. చెయ్యి కూడా ఎత్తింది. మనకెందుకులే అని వెనక్కి తిరిగాను. అదే నా తప్పు."

"గొడవ దేనికి?"

"అన్నయ్య కాటేజీ అమ్మేద్దామనుకున్నాడు. ఆవిడ గది పోతుంది కదా."

కళ్ళు తుడుచుకున్నాడు. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, తీరుబడిగా.

చెల్లెలి కళ్ళు మాత్రం ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"మీ గది?"

"వెనక తలుపు పక్కదే. ఐదింటి నుంచీ మెలకువగానే ఉన్నాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను."

"చప్పుడేమైనా విన్నారా?"

"చీమ చిటుక్కుమన్నా వినబడేది. ఏమీ లేదు. చిన్నన్నయ్య వెళ్ళినట్టు కూడా తెలీలేదు. అంత నెమ్మదిగా వెళ్ళాడు."

"అమ్ముదామన్నది ఎవరు?"

"రాత్రి భోజనాల దగ్గర ఆ మాటొచ్చింది. అన్నయ్యలిద్దరూ గొంతు పెంచేసరికి నేను లేచిపోయాను."

తాళాలమ్మ ఒక్కో తాళాన్నీ వేళ్ళతో తిప్పుతోంది. తాళాలగుత్తి ఆగకుండా మోగుతోంది.

"పాలు తెస్తూ చూశానమ్మా. తల ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పటికే చల్లబడిపోయారు."

"ఆయనతో గొడవ పడ్డావా?"

"ఆయనతోనా?" అంది.

కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. "చూసిన సాక్షి ఉన్నాడు, బట్టల మీద రక్తం ఉంది. జీపెక్కించేద్దామా మేడమ్?"

ఒకసారి జీపెక్కితే తాళాలమ్మకి తిరిగి రావడానికి గది ఉండదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అందరికంటే బాగా ఆమెకే తెలుసు.

"ఆగు. ముందు ఆ వెనక తలుపు మూసిరా," అంది ఇన్‌స్పెక్టర్. తర్వాత తాళాలమ్మని పక్కకి తీసుకెళ్ళి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

11:00. అందరూ ఇంటి లోపల, వెనక తలుపు ముందు నిలబడ్డారు.

"పొద్దున ఈ తలుపు ఎలా తీశారో ఒకసారి చూపిస్తారా?" ఇన్‌స్పెక్టర్ తమ్ముణ్ణి అడిగింది.

"తలుపు తియ్యడం కూడా సాక్ష్యమేనా?"

పిడికి రెండు వేళ్ళు తగిలించి లాగాడు. రాలేదు. చెయ్యంతా వేసి లాగాడు. రాలేదు. ముఖం ఎర్రబడింది. రెండు చేతులూ వేసి, కాలు గోడకి తన్నిపెట్టి గుంజాడు.

ఢామ్.

వంటింట్లో గిన్నెలు మళ్ళీ గలగలమన్నాయి.

చెల్లెలు గోడకి ఆనుకుంది. "పొద్దున ఈ చప్పుడు రాలేదు చిన్నన్నయ్యా," అంది మెల్లిగా.

"వేసవిలో ఇది రెండు వేళ్ళతోనే వస్తుంది," అంది ఇన్‌స్పెక్టర్. "మీరు ఎప్పుడొచ్చినా వేసవిలోనే వచ్చారని, నిన్న ముందు తలుపులోంచే లోపలికొచ్చారని తాళాలమ్మ చెప్పింది. వానలు పడ్డాక చెక్క ఉబ్బి బిగుసుకుపోతుంది. ఇళ్ళు కట్టించే మీకే ఆ మాట గుర్తు రాలేదు. ఈ తలుపు మీరు తియ్యలేదు. ముందు హాల్లోంచే వెళ్ళారు, మీ అన్నయ్యతో కలిసి. అమ్ముదామన్నది ఆయన కాదు, మీరు."

అతను తలుపు పిడి వదిలేశాడు.

"తాళాలమ్మ ఉన్నంతకాలం అమ్మనన్నాడు. కోపంలో తోశాను. చచ్చిపోతాడనుకోలేదు."

"తోసింది కోపంలోనే కావచ్చు. ఈవిడ నెత్తిన రుద్దింది మాత్రం తీరిగ్గా ఆలోచించే."

కానిస్టేబుల్ అతని చెయ్యి పట్టుకున్నాడు. తాళాలమ్మ దారికి అడ్డంగా నిలబడింది. ఆమెకి కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

"ఆ తలుపు చెక్కించమని ఏటా పోరేదాన్ని బాబూ. వద్దనేవారు. 'ఈ కాలంలో మా తమ్ముణ్ణి ఒక్కసారి రానీ, వాడే చూసి బాగుచేస్తాడు' అనేవారు. పదకొండేళ్ళు పిలిచారు. వానల తర్వాత ఈ ఏడే వచ్చారు మీరు."

తమ్ముడు తల దించుకుని జీపెక్కాడు.