మరియమ్మ పాటలో నాలుగో వరస

రేపల్లె చేపల బజారులో ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటుంటే వినడానికి జోలపాటలా ఉంది.

"నీ తూకంలో మన్ను బొయ్య! కుళ్లిన చేపలు అంటగడతావటే?" అంటోంది కొనడానికి వచ్చినామె.

"నీ నోరు పడిపోను! పొద్దున వలలోంచి తీసిన మాలే ఇది!" అంటోంది అమ్మే మనిషి.

ఇద్దరి మెడల్లోనూ మృదుకంఠులు నీలంగా వెలుగుతున్నాయి. తిట్లు ఒకదాని వెనక ఒకటి సన్నాయి పలుకుల్లా సాగుతుంటే, దారిన పోయేవాళ్లు ఒక్క క్షణం ఆగి, తలాడించి, హాయిగా నవ్వుకుని పోతున్నారు. ఆ మాటలు విన్నది హెప్సిబా ఒక్కతే. ఏడాదిగా ఆమె ఎవరేం మాట్లాడినా స్వరాన్ని వదిలేసి మాటల్నే వింటోంది.

మృదుకంఠి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మెడకు అంటుకుని ఉండే సన్నని పట్టీ. అది మాటను మార్చదు, మాట మీది గరుకును తీసేస్తుంది. అరుపును ఆలాపనగా, ఏడుపును కూనిరాగంగా చేసి బయటికి పంపుతుంది. ఇళ్లల్లో గొడవలు సగానికి సగం తగ్గాయని మొదటి ఏడాదే ప్రకటించారు. తగ్గింది గొడవలు కాదు, అవి వినిపించడం. మొగుడు పెళ్లాన్ని తిట్టే తిట్టు పక్కింటికి కీర్తనలా చేరేది. పెళ్లాం ఏడుపూ అంతే. పోనుపోను జనానికి మాటలు వినే అలవాటే తప్పిపోయింది. గొంతు తియ్యగా ఉంటే అంతా బాగున్నట్టే. కంఠి లేని మనిషిని బస్సు ఎక్కనివ్వరు, ఆఫీసు తలుపు తెరుచుకోదు. వీధిలో పచ్చి గొంతు వినిపించిందా, పావుగంటలో ఉపశమన బండి వచ్చి ఎక్కించుకుపోతుంది.

హెప్సిబా ఒకసారి ఆ బండి ఎక్కి వచ్చింది. కొడుకు ఎలీషాను పూడ్చిపెట్టిన మర్నాడు.

ఫిర్యాదుల కచేరీకి మాత్రం నాలుగుసార్లు వెళ్లింది. అక్కడ కాగితాలు తీసుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. నోటితో చెప్పాలి, తీవ్రతామాపకం కొలుస్తుంది. "నా కొడుకును చంపారు!" అని ఆమె గుండెలు బాదుకుంటూ అరిచింది. గది నిండా లాలిపాట పరుచుకుంది. పరికరం 'సామాన్యం' అని చూపింది. గుమాస్తా మెచ్చుకోలుగా, "చక్కగా చెప్పారమ్మా" అన్నాడు.

"హెప్సిబక్కా!"

బుట్టలో చేపలు వేయించుకుంటున్న ఆమె వెనక్కి తిరిగింది. ఎబినేజరు. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆమె దగ్గర వాక్యాలు బట్టీపట్టినవాడు. ఇప్పుడు హర్షధార టెలివిజన్‌కు ఈ ప్రాంతపు నిర్వాహకుడు. ఏటా హర్షధార ఒక ఊరి వీధుల్లోనే ఈస్టరు కథను జనానికి నచ్చిన సినిమా పాటలతో ప్రత్యక్షంగా ఆడిస్తుంది. వరసగా రెండో ఏడు రేపల్లెనే ఎంచుకున్నారు. నిరుడు ఆ ఆటకు దీపాలు ఎక్కిస్తూనే ఎలీషా నలభై అడుగుల మీద నుంచి పడ్డాడు. నడుముకు బెల్టు కట్టుకోకపోవడం వల్ల పడ్డాడని కంపెనీ రాసుకుంది.

"రేపు సిలువ దగ్గర మరియమ్మగా నువ్వే నిలబడాలక్కా" అన్నాడు ఎబినేజరు. "హైదరాబాదు వాళ్లు నటిని పంపుతామన్నారు. నేనే వద్దన్నాను. కొడుకును పోగొట్టుకున్న తల్లి మన ఊళ్లోనే ఉంది గదా అన్నాను."

"ఆ ముక్క అనడానికి నీకు నోరెట్టా ఆడిందిరా?" అంది. ఆ మాట వీణ మీద మీటినట్టు పలికింది.

"అదీ! ఆ గొంతే కావాలి" అన్నాడతను సంబరంగా. జేబులోంచి బంగారు రంగు పట్టీ తీసి చూపించాడు. "ఇది సంగీతకంఠి. నువ్వు మామూలుగా మాట్లాడు చాలు, దానంతట అదే హిట్టు పాట వరసలో కూర్చి పంపుతుంది. మాటలు రాసి ఇస్తారు. మూడు నిమిషాలు. రాష్ట్రమంతా చూస్తుంది."

రాష్ట్రమంతా. హెప్సిబా అతని ముఖంలోకి చూసింది. అందులో కపటం లేదు, సిగ్గు కూడా లేదు. మరచిపోయిన మనిషి ముఖం అది.

"వస్తాను" అంది.

మంచి శుక్రవారం మధ్యాహ్నం రైలు స్టేషను పక్క మైదానం తిరునాళ్లలా ఉంది. ఏసుకు తీర్పు చెప్పే పిలాతు చేతులు కడుక్కుంటే ఎన్నికల ప్రచారపు పాట వేశారు. "సిలువ వేయుము, సిలువ వేయుము" అనే గుంపు కేకలు పెళ్లి ఊరేగింపు దరువులో వచ్చాయి. ఊరి జనమే ఆ గుంపు. చప్పట్లు కొడుతూ, నడుములు ఊపుతూ పాడారు. మేకులు కొట్టే చప్పుడు తాళానికి అడ్డం పడుతోందని తీసేశారు. సుత్తి పైకి లేస్తోంది, దిగుతోంది, చప్పుడు లేదు. ఇంతకాలం తెల్లచీర కట్టుకుని, మూడు గంటలపాటు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా మోకాళ్ల మీద గడిపిన ఈ రోజున ఐస్‌క్రీము బండ్లు తిరుగుతున్నాయి. హెప్సిబాకు ఒళ్లంతా మంటెత్తింది.

ఆమె వంతు వచ్చింది. సిలువ కింద నిలబెట్టారు. ఎదురుగా తెర మీద ఆమె చెప్పాల్సిన మాటలు వెలిగాయి. అవి ప్రియుడు విడిచిపోయిన పిల్ల పాడుకునే పాటలోవి, పేర్లు మార్చారంతే. హెప్సిబా తెర వైపు చూడలేదు. పక్కన కెమెరా వెనక నిలబడ్డ ఎబినేజరును చూస్తూ, కడుపులోంచి, పేగులు తెగేలా అరిచింది.

ఆమె అరిచింది నాలుగు వరసల మాటలే. వాటినే తిప్పి తిప్పి మూడు నిమిషాలూ అరిచింది. మైదానం మీద మాత్రం పండు వెన్నెల లాంటి పాట కురిసింది. సంగీతకంఠి ఆమె ఆక్రోశాన్ని తీసుకుని, ఊపిరి అందక ఎక్కిళ్లు పెట్టిన చోట గమకాలు వేసింది. జనం కళ్లు తుడుచుకున్నారు. పసిపిల్లలు తల్లుల భుజాల మీద నిద్రపోయారు.

ఆట ముగియగానే ఎబినేజరు పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "అక్కా! జనం స్పందన కొలిచే రసమాపిని ముల్లు ఆఖరి గీత దాటింది! ఇట్టా ఎప్పుడూ జరగలేదు!"

"నేనేమన్నానో విన్నావా?"

"వినకపోవడమేందక్కా? రోమాలు నిక్కబొడుచుకున్నాయి."

"ఏమన్నాను?"

అతను నవ్వాడు. "ఏముందీ... తల్లి బాధ. రాసిచ్చిందే గదా."

హెప్సిబా చేతులు విడిపించుకుంది. అతని చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ చుట్టూ కెమెరాలు. కొట్టినా దానికీ ఒక తాళం కూర్చి పంపుతారు వీళ్లు.

సాయంత్రానికల్లా ఆ పాట ఊరంతా పాకింది. టీ కొట్టులో అదే, ఆటోలో అదే, పెళ్లి ఇంట్లో మేళగాళ్ల సాధనలో అదే. పక్కింటి ఆడపిల్లలు తాడాట ఆడుతూ అదే పాట. హెప్సిబా తలుపులు మూసుకుని, కంఠి తీసి గోడకు విసిరికొట్టింది. అది చెక్కుచెదరలేదు. తన కొడుకు చావు ఎట్లా జరిగిందో రాష్ట్రంలో ప్రతి నోరూ చెబుతోంది, వినే చెవి ఒక్కటీ లేదు. ఇంతకన్నా నోరు కట్టేస్తే నయమనిపించింది.

శనివారం పొద్దెక్కాక పేటలోనే ఉండే తబిత వచ్చి పిలిచింది. "సువార్తమ్మ గారు రమ్మంటన్నారొదినా. రేపటి ప్రభాతభేరికి నీ పాటే నేర్చుకుంటన్నాం. నువ్వు లేకపోతే ఎట్టా?"

మిషను పేట ఆడవాళ్లు ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని వీధి వీధీ పాడుకుంటూ తిరుగుతారు. ప్రతి ఏడూ ఒక కొత్త పాట. దాన్ని ముందురోజు పాటల పుస్తకాల్లో రాసుకుంటారు. ఇళ్లల్లో రాత పూర్తిగా పోయినా, పెట్టె అడుగున దాచుకున్న ఆ పుస్తకాలు మాత్రం పోలేదు. అమ్మమ్మ పుస్తకం అమ్మకూ, అమ్మ పుస్తకం కూతురికీ వస్తుంది.

వెళ్లకూడదనుకుంది. కానీ వాళ్ల ముఖాల మీదే నాలుగు దులిపేద్దామని లేచి, కంఠి తగిలించుకుని వెళ్లింది.

సువార్తమ్మ వసారాలో పదిహేను మంది చాపల మీద కూర్చుని ఉన్నారు. సువార్తమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు, ఎబినేజరు తల్లి. కొడుకు కాలవ గట్టు మీద మేడ కట్టినా ఆమె పాత పెంకుటిల్లు వదల్లేదు. చేతితెరలో ఒక్కో వరస వినిపించి తబిత ఆపుతోంది. పాట వేగానికి చెయ్యి అందుకోదు గనుక, సువార్తమ్మ ఒక్కో మాటా విడగొట్టి చెబుతోంది. మిగతావాళ్లు రాసుకుంటున్నారు.

"నా. బిడ్డ. బెల్టు. కట్టుకునే. ఎక్కాడు. రాశారా? ఏమే తబితా, 'ఎక్కాడు' కు ఒత్తు ఏదే? కొక్కిరాయి గీసినట్టు గీస్తావు."

నవ్వులు. మాటకు మాటకు మధ్య ఊపిరి పీల్చుకుని ఆమె చెబుతుంటే, గుమ్మంలో నిలబడ్డ హెప్సిబాకు ఏదో తేడాగా తోచింది. తియ్యదనం లేదు. మృదుకంఠికి సాగదీయడానికి వాక్యం కావాలి. ఒంటి మాటల్లో దానికి పట్టు దొరకడం లేదు.

"తాడు. అరిగిందని. మూడుసార్లు. చెప్పాడు."

"ఊఁ."

"మూడుసార్లూ. వినపడలేదన్నావు. తమ్ముడూ."

"ఏసును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు సంగతి గామోసు" అందొకామె రాస్తూనే.

"రాయవే, వ్యాఖ్యానం తర్వాత. ఇక నాలుగో వరస, ఆఖరిది. స్నానం. చేయించినప్పుడు. నడుం. చుట్టూ. బెల్టు. వాత. చూశాను. పడ్డాక. ఆ. బెల్టు..." సువార్తమ్మ ఆగింది. "తబితా, ఇంకోసారి పెట్టు."

పాట తియ్యగా సాగి ఆగింది.

"...విప్పింది. ఎవరు."

వసారాలో ఒక్కో కలమే ఆగిపోయింది. సువార్తమ్మ కళ్లజోడు సర్దుకుని, తన పుస్తకంలో తాను రాసుకున్న నాలుగు వరసలనూ మొదటి నుంచీ వేలు పెట్టి లోలోపలే చదువుకుంది. మళ్లీ చదువుకుంది. తర్వాత తల ఎత్తింది.

"ఇవి వాళ్లు రాసిచ్చిన మాటలా హెప్సీ?"

"కాదు పిన్నీ. నావే."

"ఆ వాత..."

"నీళ్లు తోడిచ్చింది నువ్వే గదా. నీకూ కనపడింది."

"దెబ్బ అనుకున్నానమ్మా" అంది ముసలామె. "అప్పుడే చెప్పొచ్చు గదే నాతో!"

"చెప్పాను. సమాధి దగ్గర నీ భుజం పట్టుకుని చెప్పాను. నువ్వు నా తల నిమురుతా, 'పాడుకోవే తల్లీ, మనసు తేలికవుద్ది' అన్నావు."

తబిత చేతితెరను బోర్లించి పెట్టింది. ఒక మూల నుంచి ఎవరో, "నేను నా మొగుడి గురించి మా అమ్మతో ఏడేళ్లు ఇట్టాగే చెప్పాను" అని మెల్లగా అంది. ఆమె వైపు ఎవరూ తిరగలేదు గాని, అందరూ విన్నారు. మరొకామె పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది.

మర్నాడు తెలతెలవారుతుండగా భేరి కదిలింది. ఈసారి ఏ వీధిలోనూ పాడలేదు. కొవ్వొత్తులు పట్టుకుని తిన్నగా కాలవ గట్టు మీది మేడకే నడిచారు. గేటు ముందు నిలబడి సువార్తమ్మ తన కంఠి విప్పి కొంగున ముడేసుకుంది. ఆమెను చూసి మిగతా పదిహేను మందీ ముడేసుకున్నారు. ఉపశమన బండి సంగతి అందరికీ తెలుసు. ఒక్కరూ దాని ఊసెత్తలేదు.

ఎబినేజరు కొత్త బట్టల్లో బయటికి వచ్చాడు. "ఆయన లేచెను!" అన్నాడు నవ్వుతూ. ఆ పండుగ పలకరింపు గంటలు మోగినట్టు వచ్చింది.

"లేచాడులే" అంది సువార్తమ్మ. కీచుగా, బొంగురుగా, చెక్క మీద రంపం లాగినట్టుంది ఆ గొంతు. కన్న కొడుకే ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. పద్దెనిమిదేళ్లుగా అతను తల్లి గొంతు వినలేదు. ఆమె పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది. "ఇది చదువు."

అతను ఆ చేతిరాతను చూసి, "ఓ, మన పాటేనా!" అని ఎత్తుకున్నాడు. మొదటి వరస వెన్నలా జారింది.

"కంఠి తీసి చదవరా."

"అమ్మా, వీధిలో..."

"తియ్యి."

తీశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. వాడుక తప్పిన గొంతు జీరగా, సన్నగా, పదమూడేళ్ల పిల్లవాడిదిలా వచ్చింది. రెండో వరసకు వేగం తగ్గింది. మూడో వరసలో 'తమ్ముడూ' దగ్గర ఆగి తల ఎత్తి, గుంపులో హెప్సిబాను వెతుక్కున్నాడు. ఆమె ముందుకు వచ్చి నిలబడింది. తెల్లచీర, చేతిలో కొవ్వొత్తి, మెడ బోడిగా ఉంది.

"చదువు" అంది.

నాలుగో వరస అతని నోట్లోంచి ముక్కలు ముక్కలుగా రాలింది. చివరి మాట దాకా వెళ్లలేక పుస్తకం గుండెకు అదుముకుని మెట్టు మీద కూలబడ్డాడు. లోపల్నుంచి అతని భార్య పరుగెత్తుకు వచ్చి, ఆ పచ్చి ఏడుపు విని, చెవులు మూసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అక్కా" అన్నాడు ఎబినేజరు. "కంపెనీ వాళ్లు బెదిరించారక్కా. నా చేత... నన్ను క్షమించక్కా."

సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లంతా హెప్సిబా వైపు చూశారు. పండుగ పూట, క్షమాపణ అడిగిన వాడి మీద చెయ్యి వేసి లేపడమే వాళ్ల పేటలో ఆచారం.

హెప్సిబా చెయ్యి వేయలేదు. ఏడాది తర్వాత మొదటిసారి ఆమె గొంతు, లోపల్నుంచి ఎలా బయలుదేరిందో అలాగే గాలిలోకి వచ్చింది.

"నేనడిగింది అది కాదు. నాలుగో వరస మళ్లీ చదువు. చదివి, జవాబు చెప్పు."