ఒక్క అంగ తక్కువ వంతెన

చంద్రుడి మీదికి వారం వారం షటిల్ నడుస్తున్న ఆ రోజుల్లో కూడా, మల్లెమడుగులంక వాళ్ళు గోదావరి పాయ దాటాలంటే పడవే దిక్కు. వంతెనకి శంకుస్థాపనలు మాత్రం వచ్చిన ప్రతి చైర్మనూ చేశాడు. ఆ శిలాఫలకాలన్నీ రేవులోనే పడున్నాయి, ఆడవాళ్ళు వాటి మీదే బట్టలుతుక్కునేవారు. వంతెనెప్పుడండీ అని పురపాలక ఆఫీసులో అడిగితే ఒకటే జవాబు: "ఇంకా కాస్త పనుందండి."

పోనీ ఎగువనున్న వంతెన మాటేమిటంటారా? అది పూర్తయింది. పూర్తయ్యాక ప్రారంభోత్సవానికి మంత్రిగారి తేదీ దొరకలేదు. రెండు వైపులా ఇనపకంచె కట్టేశారు. దాని మీద పిచ్చిమొక్కలు మొలిచాయి గానీ మనిషి కాలు పడలేదు. కడుపు మండదూ మరి!

ఆ మంటలోంచే ఇందీవర సేతుబీజాన్ని తయారుచేసింది. ఆవిడ జీవపదార్థాల శాస్త్రవేత్త, లంకలోనే పుట్టి పెరిగిన మనిషి. సేతుబీజం చూడ్డానికి కొబ్బరికాయంత ఉంటుంది. గట్టున పాతితే ఒండ్రూ ఇసకా తిని, ఎండ తాగి, సముద్రంలో పగడాల దిబ్బ పెరిగినట్టు తనంతట తానే వంతెనగా పెరుగుతుంది. దాని ఒళ్ళంతా సెన్సర్లు, వాటిని కలుపుతూ ఒక నాడీజాలం. చుట్టుపక్కల మాటలూ అడుగుల చప్పుళ్ళూ వింటూ, ఈ మనుషులకి ఎలాంటి వంతెన కావాలో నేర్చుకుంటుంది, పలకరిస్తే బదులూ చెబుతుంది. కాంట్రాక్టరు లేడు, సిమెంటు లేదు. అబ్బ, ఏం బుర్రండీ ఆవిడది! ఎలాగూ మొలవదులే అనుకుని చైర్మన్ భాస్కరం అనుమతి ఇచ్చేశాడు.

మొలిచింది. ఎంత ముచ్చటగా పెరిగిందనుకున్నారు! చిన్నపిల్లల చేతికందేలా కిందొక కమ్మీ పెట్టుకుంది. మధ్యమధ్య గంపలు దించుకోడానికి అరుగులు వేసుకుంది.

"అడక్కుండానే అరుగులేశావేంటే తల్లీ?" అంది లంక నర్సు రత్నకుమారి.

"రేవులో మీ ఆయాసాలు రోజూ వింటన్నాను కదండీ, ఆయ్!" అంది వంతెన. దాని యాస కూడా రేవుదే.

అలాంటి వంతెన, అవతలి గట్టు ఒక్క అంగ దూరంలో ఉందనగా ఆగిపోయింది.

అప్పటికి వరదొచ్చి పడవ ఆపేశారు. లంకలో సునందకి నెలలు నిండాయి. కడుపులో కవలలు, అందులో ఒక బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ చేసే ఆస్పత్రి అవతలి గట్టున ఉంది. ఇందీవర వంతెన చివర కూర్చుని బతిమాలింది.

"ఎందుకాగావు? ఒండ్రు చాల్లేదా?"

"బోలెడుందండి."

"మరింకేం?"

"ఇంకా కాస్త పనుందండి."

ఇందీవరకి ఒళ్ళు మండిపోయింది. "వినీ వినీ ఆఫీసు భాష నేర్చుకున్నావా, దరిద్రపుదానా!"

అవతలి గట్టున భాస్కరం వ్యాన్‌లోంచి ఇనపకంచె దింపిస్తున్నాడు. "పూర్తవగానే ఓ మాట చెప్పమ్మా. మంత్రిగారొచ్చేదాకా మూసేస్తాం."

"పూర్తికాకపోతే మూయరా?"

"పూర్తికానిదానికి రూలే లేదు కదమ్మా," అని నవ్వి, ఫోన్ మోగితే వ్యాన్ వెనక్కి వెళ్ళాడు.

అంతలో వెనకనుంచి కేకలు. నలుగురు మనుషులు సునందని మంచంతో సహా మోసుకుని పరుగున వస్తున్నారు. ముందు రత్నకుమారి. "నొప్పులు మొదలైపోయాయి, తప్పుకోండి!"

వంతెన చివర కింద వరద హోరున పోతోంది. మంచంతో ఆ సందు దూకడం ఎవరి తరం? ఇందీవర వంతెనకి రెండు చేతులూ ఆనించి, "నీకు దణ్ణం పెడతానే, కలువు!" అని ఏడ్చింది.

వంతెన అరచెయ్యి చాచినట్టు ముందుకి సాగి గట్టుని అందుకుంది. మంచం దాటింది. మోసేవాళ్ళ చివరి అడుగు గట్టు మీద పడగానే మళ్ళీ చల్లగా వెనక్కి తగ్గి, ఒక్క అంగ దూరంలో ఆగింది.

"అంటే కావాలనే ఆగావా?" అంది ఇందీవర.

"ఎగువ వంతెనని పూర్తయిందనే కదండీ మూసేశారు? రేవులో అందరూ తిట్టుకుంటంటే విన్నాను. ఈ కాస్త సందూ మీరు దాటేస్తారు. దాటలేనోళ్ళొస్తే నేను సాగుతాను, ఆయ్."

ఇందీవర కళ్ళు తుడుచుకుంది. అడుగుల చప్పుడు వినమని ఆవిడ దానికి నేర్పింది. అది మనుషుల్నే నేర్చేసుకుంది.

భాస్కరం ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, అయిపోయినట్టేనా?"

ఇందీవర లేచి నిలబడి, ఎంతో వినయంగా చెప్పింది. "ఇంకా కాస్త పనుందండి."

"అలాగలాగే, తొందరేముంది," అన్నాడాయన తృప్తిగా. కంచె మళ్ళీ వ్యాన్ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఆ కవలలిద్దరూ ఇప్పుడు ఆ వంతెన మీదే కాలేజీకి వెళ్తున్నారు. చివరికొచ్చేసరికి అలవాటుగా ఓ అంగ వేస్తారు. వంతెన పనులు ఇంకా జరుగుతూనే ఉన్నాయి.