నీహారిక బొమ్మ పక్కన నిలబడ్డవాడు

లింగంపల్లి నుంచి హైటెక్ సిటీకి వచ్చే దారిలో, అద్దాల బిల్డింగుల వెనక ఓ పాత రాతి మఠం ఉంది. ఇప్పుడది బొమ్మల మ్యూజియం. పగలంతా జనమే. దీపాలు పెట్టే వేళయిందంటే మాత్రం చివరి గదిలోకి ఒంటరిగా ఎవరూ అడుగు పెట్టరు.

వెనకటికి ఆ గదిలో ఇద్దరు సాధువులు గోడల మీద బొమ్మలు వేసేవారట. చిన్నవాడి చేతిని అందరూ మెచ్చుకుంటుంటే పెద్దాయన ఓర్వలేకపోయాడు. ఓ సాయంత్రం చిన్నవాడి బొమ్మంతా గీకి పారేశాడు. తర్వాత ఆయన్ని ప్రాణాలతో చూసినవాళ్లు లేరు... చచ్చినా ఆ గది వదల్లేదంటారు.

ప్రవీణ ఇలాంటివి నమ్మే మనిషి కాదు. ఆఫీసులో ఆమెదీ నీహారికదీ పక్కపక్క సీట్లు. సెలవు రోజుల్లో కలిసి బొమ్మలు వేసేవాళ్లు. మ్యూజియం వాళ్లు కొత్తవాళ్ల బొమ్మలు కావాలంటే ఇద్దరూ ఇచ్చారు. నీహారికది తీసుకున్నారు. ప్రవీణది కాదన్నారు. వెనక్కొచ్చిన ఆ బొమ్మ కట్టు కూడా ఆమె విప్పలేదు.

అందరికంటే ముందు ప్రవీణే నీహారికను కౌగిలించుకుంది. ఆ రాత్రి తన మియాపూర్ ఫ్లాట్‌లో ఆమెకు కన్ను మూతపడలేదు.

ఓ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా మఠానికి వెళ్లింది. ఎవరూ లేనప్పుడు నిలబడి, ఆ బొమ్మలో తప్పులు వెతకాలని.

వరండా ఊడుస్తున్న ఈరమ్మ ఆపింది. "లోపటికి పోకమ్మా... చీకటి పడ్తున్నది."

"రెండు నిమిషాలేనండి."

చివరి గది. ఒకే ఒక్క లైటు. దాని కింద నీహారిక బొమ్మ — మూసాపేట మెట్రో మెట్ల దగ్గర, వానలో తడుస్తూ పూలమ్మే ఆడమనిషి.

తప్పులు వెతికింది... ఒక్కటీ దొరకలేదు. ఎన్నేళ్లుగానో తను వెయ్యాలనుకుని వెయ్యలేకపోయిన ముఖం అది.

అప్పుడు — పక్కనే ఎవరిదో ఊపిరి.

మాసిన కాషాయం పంచె. వంగిపోయిన వీపు. ముఖం మాత్రం నీడలో ఉంది.

"బాగుంది కదా..." గుసగుసగా అన్నాడు. "నీకంటే బాగా వేసింది."

ప్రవీణ చూపు బొమ్మ మీదే ఉంది.

"ఒక్క గీత... ఎవరూ చూడరు."

ఆమె చెయ్యి లేచింది. తాళంచెవి ఎప్పుడు తీసిందో ఆమెకే తెలీదు. దాని మొన రంగును తాకబోయింది... పూలమ్మే మనిషి కళ్లు సూటిగా తననే చూస్తున్నాయి.

"వద్దు!"

తాళంచెవి అక్కడే పడేసి, వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

రోడ్డు మీది జనంలోకి వచ్చాక, నీహారికకు ఫోన్ చేసింది. తన కుళ్లు, తాళంచెవి, ఆ ముసలాయన — ఏదీ దాచలేదు.

"నన్ను క్షమించవే... నిజంగా గీకేసేదాన్ని."

అవతల తలుపు వేసుకున్న చప్పుడు.

"ఎంపిక అయ్యే ముందు మన రెండు బొమ్మలూ ఆ గదిలనే పెట్టిన్రు," అంది నీహారిక మెల్లగా. "సాయంత్రం చూద్దామని ఒక్కదాన్నే పోయిన. నాకూ కనబడ్డడు ప్రవీణా... నీ బొమ్మ పక్కన."

"ఏ... ఏమన్నాడు?"

"నీకు చెప్పిందే."

ఫ్లాట్‌లో కట్టు విప్పకుండా పడేసిన తన బొమ్మ గుర్తొచ్చింది ప్రవీణకు.

"మరి... నువ్వేం చేశావే?"

నీహారిక వెక్కి వెక్కి ఏడవడమే వినబడుతోంది.