అత్తమ్మ మడి

కర్ఫ్యూ రెండు గంటలు సడలించారని ట్రాన్సిస్టర్ చెప్పిందో లేదో, కోమలవల్లి పొయ్యి మీది పప్పుగిన్నె దించేసి కొంగు నడుముకు బిగించింది. ఇవాళే! మాదన్నపేట ఆడవాళ్లంతా నిన్న డాబాల మీంచే కబుర్లు పంపుకున్నారు. ఈ గల్లీ హిందువులూ, మలుపు అవతలి గల్లీ ముస్లిములూ కలిసి నడిచి కూరగాయల మార్కెట్‌కు వెళ్లాలి. కొట్లాటలు మొదలైనప్పటి నుంచి ఆ మలుపు దాటిన మనిషి లేడు. కొనేవాళ్లు రాక మార్కెట్ తెరవడం లేదు, పిల్లలకు చారన్నమే గతి. మగవాళ్లు కమిటీలంటూ కూర్చుని లేచారు తప్ప ఒరిగిందేమీ లేదు.

గడపలో భర్త వామన్‌రావు అడ్డంగా నిలబడ్డాడు.

"యాడికి?"

"మార్కెట్‌కు. చెప్పిన కదండీ."

"మతి గిట్ల పోయిందా? నేను సర్కారు నౌకరిల ఉన్న. పెండ్లాం జులూస్ తీసి రోడ్డెక్కిందంటే ఊకుంటరా? రాళ్లు పడితే ఎవరు దిక్కు?"

"జులూస్ కాదు, సంచి పట్టుకొని కూరగాయలకు పోతున్నం. ముందు నడుస్తనని మాటిచ్చిన. నేను ఆగితే అందరూ ఆగుతరు."

"పోతే పో! మళ్ల ఈ గడప తొక్కకు!"

ఇన్నేళ్ల కాపురంలో కోమల ఆ మాట ఎన్నడూ వినలేదు. దిక్కుతోచక అత్తగారి వైపు చూసింది. రంగనాయకి నూతి దగ్గర తలమీద నీళ్లు గుమ్మరించుకుంటోంది, ఇటు తిరగనైనా తిరగలేదు. ఆవిడ సంగతి వాడంతా ఎరుగుదురు. మడి కట్టుకుందంటే వంటా పూజా అయ్యేదాకా కన్నకొడుకైనా ఆమడ దూరం ఉండాల్సిందే. చిన్నప్పుడు వామన్‌రావు జ్వరంతో ఏడ్చినా, మడి విడిచాకే ఒళ్లోకి తీసుకుంది.

కోమల కన్నీళ్లు మింగి గడప దాటేసింది.

మలుపు దాకా ఆడవాళ్లు బిలబిలమంటూ వెంట వచ్చారు. భయమో సంబరమో, ఒక్కరి నోరూ ఆగడం లేదు. అవతల లాడ్ బజార్‌లో గాజులమ్మే చాంద్‌బీ బురఖా ముసుగెత్తి చెయ్యి ఊపుతోంది. కోమల సీమంతానికి గాజులు తొడిగింది ఆవిడే. కానీ మధ్యలో కర్రలతో నిలబడింది వీళ్ల గల్లీ కుర్రాళ్లే!

"వాపస్ పోండ్రి వదినా! ఆడోళ్లకేం పని గిక్కడ?"

కర్ర అడ్డం పడింది. వెనకవాళ్లు ఒక్కొక్కరే జారుకోసాగారు. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది కోమల.

"తప్పుకోండ్రి! మడి! ముట్టుకున్నరంటె ఊకోను!"

రంగనాయకి! తడిచీర నీళ్లోడుతుంటే, రాగిచెంబు పట్టుకుని గల్లీ నడిమధ్యన వస్తోంది. పుట్టినప్పటి నుంచీ ఆ కేక విన్న కుర్రాళ్లాయె, బుర్ర ఆలోచించేలోపే వీపులు గోడకు కరుచుకున్నాయి. చీరకెక్కడ తగులుతుందోనని కర్రలు కూడా వెనక్కి దాచుకున్నారు. దారి పడింది.

"చూస్తరేందే? నడువుండ్రి!"

ఆడవాళ్లు కేరింతలు కొడుతూ ఆమె వెంట నడిచారు. చాంద్‌బీ మాత్రం అలవాటు కొద్దీ పక్కకు ఒదిగింది.

"హటో, హటో! అమ్మగారు మడిల ఉన్నరు!"

"నువ్వు గూడ గట్ల జరుగుతవేందే చాంద్?" రంగనాయకి చెంబు కింద పెట్టి చెయ్యి చాచింది. "నా కోడలికి గాజులు తొడిగిన చెయ్యి గద, ఇటియ్యి. ధైర్యంగ వచ్చిన గని, కాళ్లు వణుకుతున్నయ్."

చాంద్‌బీ ఆ చెయ్యి కళ్లకద్దుకుని భోరుమంది.

తల్లి వెనకే పరుగున వచ్చిన వామన్‌రావు అది చూసి నిలబడిపోయాడు. జ్వరంతో తను ఏడ్చినా విడవని మడిని అమ్మ నడిబజారులో విడిచేసింది. తనేమో నౌకరీ కోసం పెళ్లాన్నే వెళ్లగొట్టాడు! సిగ్గుతో తలొంచుకుని కోమల చేతిలోని సంచి అందుకుని నడిచాడు.

ఆ ఉదయం మార్కెట్లో తట్టలు దిగాయి. వంకాయలతో ఇల్లు చేరాక, కోమల గడప ముందు ఆగింది, కావాలనే.

"లోపలికి రా కోమలా. తప్పు మాట అన్న." వామన్‌రావు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కోమల కళ్లు తుడుచుకుంటూ నూతి వైపు నడిచింది. "అత్తమ్మా, మళ్ల స్నానానికి నీళ్లు తోడనా?"

రంగనాయకి తన అరచెయ్యి ఓసారి చూసుకుంది.

"ఎందుకే? మైలపడితె గద స్నానం! వంకాయలు తరుగు, ఆకలైతుంది."