పుర్రె కింది చూపు

కలీపా వేళ్లకి మెడలు తెలుసు. చిన్నప్పుడు తల్లి గోనెసంచిలో గొర్రె ఎముకలు పోసి మూతి కట్టేది. బయటినుంచి తడుముతూ గొర్రెని మళ్లీ కూర్చమనేది. ఏడాదికి కూర్చింది. తరవాత నలభై ఏళ్లుగా అట్‌బాషి లోయలో గుర్రం మీంచి పడ్డవాళ్లంతా ఆమె గుమ్మానికే వచ్చారు.

ఆ మధ్యాహ్నం కాపరి జుమాష్ వచ్చాడు. మెడ పట్టేసి, మనిషంతా తిరిగితేగాని పక్కకి చూడలేకపోతున్నాడు. జీపులో తీసుకొచ్చినవాడు షార్షెన్. ఊరి సమష్టి వ్యవసాయ క్షేత్రం కూలిన ఏడాది ఊరందరి మూడువేల గొర్రెలూ ఇతని దొడ్లో తేలాయి. ఊరి నోటి దగ్గర కూడు లాక్కుని, ఆ ఊరికే పనిచ్చానని చెప్పుకు తిరిగే రకం. ఆ గొర్రెల సంగతి సోమవారం నరీన్ పట్నంలో విచారణాధికారికి చెబుతానని ముందుకొచ్చింది లోయ మొత్తంలో జుమాష్ ఒక్కడే.

“ఎలా పట్టేసిందిరా?” అంది కలీపా.

“బురుల్ ఏం చెప్పినా తల ఊపీ ఊపీ అరిగిపోయింది, పెద్దమ్మా. సోమవారానికి నిలబెట్టు చాలు. పెళ్లానికి ఊపడానికి మళ్లీ కావాలి కదా.” నవ్వబోయి మూలిగాడు.

ఆమె నీళ్ల కోసం వెనక వసారాలోకి వెళ్తే షార్షెన్ వెంట వచ్చాడు. పెట్రోలు వాసన, గొర్రె కొవ్వు వాసన.

“మీ కెంజే కనుమ అవతల నా దొడ్లోనే ఉన్నాడు కదా పెద్దమ్మా,” అన్నాడు గుసగుసగా. “మంచు పడుతోంది. పిండైనా బొగ్గైనా నా బండి వెళ్తేనే.”

“నా కొడుకు నీకేం చేశాడు?”

“ఏమీ చెయ్యలేదు. బంగారంలాంటి పిల్లాడు. ఈ జుమాష్ మెడే బాగా దెబ్బతింది. నీ చేతుల్లో పోయినా నిన్నెవరూ ఏమీ అనరు. రేపటికి కెంజే ఇంట్లో ఉంటాడు.”

ఆమె తిరిగొచ్చి జుమాష్ తల వెనక కూర్చుంది. పుర్రె అడుగున వేళ్లు పెట్టింది. మెడలో మొదటి పూస ఉంగరంలా ఉంటుంది. రెండో పూసకున్న పన్నులాంటి ముక్క ఆ ఉంగరంలోకి దూరి ఉంటుంది. ఆ పన్ను వెన్నుపాములోకి గుచ్చుకోకుండా ఆపేది అడ్డంగా ఉన్న ఒక చిన్న పట్టీ. మనిషి ప్రాణమంతా అంగుళం లేని ఆ పట్టీ మీదే.

“కళ్లు మూసుకో నాయనా.”

మూసుకున్నాడు. ఆమెని నమ్మాడు.

తడిబట్ట చిరిగినంత చప్పుడు. అంతే.

మర్నాడు మధ్యాహ్నానికే ఖననం అన్నాడు షార్షెన్. కంబళి గుడారంలో శవం చుట్టూ ఆడవాళ్లు కూర్చుని శోకాలు పెడుతున్నారు. బయట మగవాళ్లు కర్రల మీద వాలి ఏడుస్తున్నారు. చన్నీళ్ల వాసన, తడి ఉన్ని వాసన. బురుల్ కలీపా చెయ్యి పట్టుకుంది.

“పెద్దమ్మా, ఈయన తల నమాజు దిక్కుకి, పడమటికి తిప్పితే నిలవట్లేదు. గుమ్మం వైపే వాలిపోతోంది. నీ చేతులకి తెలుస్తుంది, సరిచెయ్యి.”

అందరూ ఆమెనే చూస్తున్నారు. చెయ్యక తప్పలేదు.

శవం పుర్రె కిందకి వేళ్లు పోనిచ్చింది. చల్లటి బంకమట్టిలా ఉంది. అక్కడ ఎనిమిది చిన్న కండలుంటాయి. అవి కళ్లకి కాపలా కుక్కలు. తల కదలకపోయినా, రెప్పలు మూసే ఉన్నా, కన్ను ఎటు పోతే ఆ పక్కవి సన్నగా బిగుస్తాయి. మనిషి ఎటు చూస్తున్నాడో కలీపా తడిమి చెప్పగలదు.

బిగిసింది...

చెయ్యి లాక్కోబోయింది. వేళ్లు రాలేదు.

కుడివైపు... మెల్లగా ఎడమవైపు... ఎవరో నడుస్తుంటే వెంట చూస్తున్నట్టు. ఆగింది. మూసిన రెప్పలు ఎటు చూస్తున్నాయో ఆమె అటే చూసింది. గుమ్మంలో, టోపీ మీద మంచుతో కెంజే. ప్రాణాలతో ఉన్నాడు. వాడి భుజం మీద షార్షెన్ చెయ్యి.

“ఏమైంది పెద్దమ్మా?” అంది బురుల్. “ఒంట్లో ఏమైనా... ఊపిరేమైనా తగిలిందా?”

నిన్న ఊపిరి ఆగేదాకా అద్దం పెట్టి చూసింది కలీపాయే. ఇప్పుడు వేళ్ల కింద ఆ కండ కొట్టుకుంటోంది. ఒక్క మాట అంటే చాలు.

షార్షెన్ గుమ్మంలోంచి మెత్తగా అడిగాడు. “సరిగ్గా ఉందా? తీసుకెళ్లమంటావా?”

భుజం మీది చెయ్యి కాస్త బిగిసింది.

“సరిగ్గానే ఉంది,” అంది కలీపా. “తీసుకెళ్లండి.”

పూడ్చేశారు.

పొద్దు వాలుతుండగా ఇంట్లో కెంజే రెండు గిన్నెలు చారు తాగాడు. కలీపా పొయ్యిలో మంటకేసి చూస్తూ కూర్చుంది. రెప్ప కూడా వెయ్యడం లేదు. కెంజే రొట్టె కోసం లేచాడు. కుడివైపునుంచి ఎడమవైపుకి నడిచాడు.

తలగుడ్డ కింద, ఆమె మెడలో సన్నగా ఏదో లాగింది.

వేళ్లు పెట్టి చూసుకుంది. కళ్లు మంట మీదే ఉన్నాయి. లోపలి కండలు కెంజే వెంట పోతున్నాయి... అడుగు అడుగుకీ.

“అమ్మా, చలేస్తోందా?”

“నువ్వు కదలకు,” అంది.

కెంజే వినలేదు. దుప్పటి తెద్దామని ఆమె వెనక్కి వెళ్లాడు.

మనిషి కన్ను అంత దూరం తిరగదు. వేళ్ల కింద ఆ కండలు ఇంకా వాడి వెంట తిరుగుతూనే ఉన్నాయి.