వంకర దవడ హేతే

"పక్కకి జరగండి! రాయి మీద పడుతుంది!"

జేహా అరుపుకి ఆ అమ్మాయి ఉలిక్కిపడింది గానీ కదల్లేదు. "ఒక్క నిమిషం! దీన్ని బయటికి లాగనివ్వండి!"

హ్వాంగ్‌దుంగ్ గ్రానైట్ క్వారీ పక్కన, జేహాకి పని నేర్పే పియో మేస్త్రి షెడ్డు వెనక, పనికిరాని ముక్కల గుట్ట ఉంది. క్రేన్‌కి వేలాడుతున్న పెద్ద దిమ్మ సరిగ్గా ఆ గుట్ట మీదే ఊగుతోంది. దాని కింద వంగి, ఆ అమ్మాయి బురదలోంచి దేన్నో పెకలిస్తోంది. జేహా పరుగున వెళ్లి ఆమెనీ, ఆ వస్తువునీ కలిపి ఇవతలికి లాగేశాడు. ఇద్దరూ బురదలో కూలబడ్డారు.

ఆమె ఒళ్లోకి చూసుకుని, "అమ్మయ్య, చెవి విరగలేదు!" అంది.

జేహా కూడా చూశాడు. 

అది హేతే. గుమ్మం ముందు కాపలాకి పెట్టుకునే, సింహంలాంటి జంతువు. కింది దవడ ఓ పక్కకి జారిపోయి, కాపలా సంగతి మరిచి ఎవరి జోక్‌కో నవ్వుతున్నట్టుంది. పనిలో చేరిన కొత్తలో జేహా చెక్కిన మొదటి బొమ్మ. మేస్త్రి చూసి, "పిల్లి బాగుందిరా" అనడంతో ఆ సాయంత్రమే తీసుకెళ్లి గుట్టలో పడేశాడు.

"ఈ నాచు చూశారా? వందేళ్లదైనా అయ్యుంటుంది!"

నాచు పట్టదా మరి, ఇన్నేళ్లూ కారే కుళాయి కింద పడి ఉంటే! ఆ మాటే చెప్పబోయాడు. ఆమె స్కార్ఫ్‌తో దాని మొహం తుడుస్తూ, "దీన్ని చెక్కినాయన ఎవరో గానీ మనసు మంచిది. లేకపోతే రాయికి ఇలాంటి నవ్వు వస్తుందా?" అంది.

జేహా ఆ మాట మింగేసి, బొమ్మకి రెండో పక్క చెయ్యేసి ఎత్తాడు.

ఆమె పేరు ఉన్‌సొల్. ఒకప్పుడు రాళ్లని రైలెక్కించిన పాత స్టేషన్ గోదాముని రాతిపనివాళ్ల మ్యూజియంగా మార్చే పని ఆమెది. చరిత్ర అంతా ముసలి మేస్త్రీల నోళ్లలోనే ఉంది. ఆ నోళ్లేమో తెరుచుకోవు.

"మా దగ్గరేముందమ్మాయ్? బాగా వచ్చినవన్నీ అమ్మేశాం. వెళ్లి సమాధుల మీద చూసుకో," అనేవాడు గూ తాత. మిగతావాళ్లదీ అదే పాట.

బరువులు మోసే నెపంతో జేహా ఆమె వెంట తిరగడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నాలు మార్కెట్ పక్క హోటల్లో పచ్చి మాంసం వేసి, మిరప ముద్దతో కలిపిన అన్నం తినేవాళ్లు.

"మీరు తింటున్నారా, లారీకి లోడ్ ఎత్తుతున్నారా?" అనేది ఉన్‌సొల్.

"మీరు మాట్లాడుతూ చల్లార్చుకుంటున్నారు. ఆ గిన్నె కూడా ఇటివ్వండి."

"ఇవ్వను! ఆ హేతే చెక్కినాయనైతే ఇలా అడిగేవాడే కాదు."

జేహాకి పొరబోయింది. తన మీద తనకే అసూయ పుట్టడం ఎంత ఇరకాటమో అప్పుడు తెలిసింది.

ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఊరంతా పోస్టర్లు వెలిశాయి. వాటి నిండా వంకర దవడ, కింద 'వందేళ్ల నాటి హేతే' అని. దాన్ని చూడ్డానికే యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ వస్తున్నాడట! జేహా మేస్త్రి దగ్గరికి పరిగెత్తాడు.

"అది నాదని మీరైనా ఆమెకి చెప్పొచ్చు కదండీ!"

"నీ పిల్లి. నువ్వే చెప్పుకో," అన్నాడు మేస్త్రి, ఉలి దించకుండా.

ఆ సాయంత్రం కుండపోత వాన. గోదాము రేకుల మీద చప్పుడికి జేహా రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

"అది నాది. నేనే చెక్కాను. దవడ జారిపోయింది."

ఉన్‌సొల్ మొహం పాలిపోయింది. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నన్ను అంతగా మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. చెబితే ఆ మాటలు ఆగిపోతాయని..."

"అదొక్కటి అబద్ధమని తేలితే ఇక్కడున్నదేదీ ఎవరూ నమ్మరు. తెలుసా?" ఆమె తలుపు వైపు చూపించింది. "వెళ్లండి."

జేహా తడుస్తూనే ఇల్లు చేరాడు. ఆమె ఫోన్ చేయలేదు. అతనికి చేసే ధైర్యం లేదు.

మ్యూజియం ప్రారంభం రోజున వెనక వరసలో, మేస్త్రి భుజం చాటున నిలబడ్డాడు. బొమ్మ ఉండదనే అనుకున్నాడు. ఉంది! మధ్యలోనే ఉంది. పక్కన కొత్త అట్ట: 'చెక్కినది జేహా. పనిలో చేరిన మొదటి ఏడాది. దవడ జారింది.'

ఉన్‌సొల్ మైకు పట్టుకుంది. "ఇది వందేళ్లదని పోస్టర్లో వేశాను. పొరపాటు నాది. చెక్కినవాళ్లని అడక్కుండా నాచుని నమ్మాను. క్షమించండి."

ప్రొఫెసర్ అట్ట చదివాడు, బొమ్మని చూశాడు, ఆపుకోలేక పకపకా నవ్వాడు. "అయినా నాకు నచ్చిందండీ!"

అంతలో గూ తాత ముందుకొచ్చాడు. "ఏమమ్మాయ్, ఇలాంటివి కూడా పెడతావా? అయితే నా దగ్గరో రాతి తాబేలుంది. తల విరిగింది. మా ఆవిడ ఊరగాయ జాడీలో బరువుకి పెట్టుకుంది."

"విరిగింది కాదు, నువ్వే విరగ్గొట్టావు!" అన్నాడు ఇంకో ముసలాయన. "ఆ శీతాకాలం క్వారీ అడుగున మంచు పేరుకుంటే, సుత్తి జారి..."

"జారింది నీ సుత్తి!"

ఒకరి మాట మీద ఒకరు ఎక్కేస్తున్నారు. ఎవరి వేలు ఎక్కడ నలిగింది, ఏ తాడు తెగింది, ఎవరు ఎవర్ని కాపాడారు... ఉన్‌సొల్ గబగబా రికార్డర్ ఆన్ చేసి వాళ్ల మధ్యకి దూరింది. ఆమె కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. జేహా చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

జనం టీకి కదిలాక ఆమే అతని దగ్గరికొచ్చింది.

"కోపం పోయిందా?" అన్నాడు.

"సగం. మిగతాది అన్నం తిన్నాక."

"అయితే ఇంకోటి కూడా ఇప్పుడే చెప్పేస్తా. మళ్లీ ఆలస్యం చేస్తే బాగుండదు." మాట తడబడింది. "మీరంటే నాకిష్టం."

"ఏంట్రా అంటున్నావ్? గట్టిగా చెప్పు!" వెనకనుంచి మేస్త్రి కేక. జీవితమంతా డ్రిల్లు మోతలో గడిపిన చెవులాయనవి.

జేహా చెవులు ఎర్రబడ్డాయి. "ఉన్‌సొల్ అంటే నాకిష్టం అన్నాను!"

గోదాము మొత్తం తిరిగి చూసింది. ముసలాళ్లు చప్పట్లు కొట్టారు. "ఎట్టకేలకి ఓ పని కుదిరింది వీడికి!" అన్నాడు మేస్త్రి.

ఉన్‌సొల్ రెండు చేతుల్తో మొహం కప్పుకుని, వేళ్ల సందుల్లోంచి అతన్ని చూసింది.

"నాకు మొదటిసారే వినపడింది," అంది. "నాక్కూడా ఇష్టమే. రికార్డర్ ఇంకా ఆన్‌లోనే ఉంది, తర్వాత కాదంటే వినిపిస్తా."